దడదడ సరే.. పాటేదీ?

ఒకప్పుడు రికార్డింగ్ స్టూడియోల్లో మాత్రమే కనిపించిన ఈక్వలైజర్ మీటలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వాటిని పైకి తోయడం అందరికీ వచ్చు. కిందికి లాగితే పాట ఏమవుతుందో విన్నవాళ్లే తక్కువ.

దొనకొండ రైల్వేస్టేషన్ బయట ఆటో కోసం నిలబడితే, బండి కనిపించక ముందే దాని దరువు తెలుస్తుంది. వెనక సీటు వెనకాల చెక్కపెట్టెలో ఎనిమిదంగుళాల ఊఫర్, డ్రైవరు తలపైన రెండు ట్వీటర్లు, హ్యాండిల్ దగ్గర బ్లూటూత్ కిట్, దాని వెనక ఎక్కడో 4440 ఐసీ ఆంప్లిఫయర్ బోర్డు. పాట ఏదో దగ్గరికొచ్చేదాకా అర్థం కాదు. ఎక్కి కూర్చుంటే వీపు అదురుతుంది, అద్దం అదురుతుంది. పాడుతున్నది ఎవరో మాత్రం తేలదు.

ఆటో అన్నను తప్పుపట్టే ముందు ఆయన కష్టం కూడా వినాలి. ఆయన పాట పెట్టుకునేది ఇంజిను నడుస్తుండగా, గతుకుల రోడ్డు మీద. ఇంజిను రొద, టైర్ల రొద ఎక్కువగా కింది స్థాయి శబ్దాలే. పాటలోని బేస్‌ను అవి మింగేస్తాయి. అందుకని ఆయన బేస్ నాబ్ చివరిదాకా తిప్పేస్తాడు. బండి పరుగెత్తుతున్నంతసేపూ అది సరిపోతుంది కూడా. స్టాండులో ఆగి ఇంజిను ఆపేశాక ఆ నాబ్‌ను వెనక్కి తిప్పేవాళ్లు ఉండరు. రాత్రి ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడూ అదే అలవాటు. ఫోన్‌లో ‘బేస్ బూస్టర్’ నొక్కితేగానీ పాట విన్నట్టుండదు.

మీటర్‌గేజ్ రోజుల్లో లోకోషెడ్డుతో, రైల్వే క్వార్టర్లతో కళకళలాడిన ఊరు దొనకొండ. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి ఊరికి మిగిలింది. 2014లో ‘ఆంధ్రప్రదేశ్ రాజధాని ఇక్కడేనట’ అన్న ప్రచారం కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. గుంటూరు–గుంతకల్లు లైనులో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర రైలు నల్లమలలోకి దూరితే ఫోన్ సిగ్నల్ వచ్చీపోయీ అన్నట్టుంటుంది. ఈ దారిన పోయే కుర్రాళ్లు చాలామంది పాటలు ముందే దించుకుని పెట్టుకుంటారు. ఆ పాటలు ఎలా వినిపిస్తాయన్నది సిగ్నల్ చేతిలో లేదు, వినేవాడి చేతిలోనే ఉంది.

చెవి లెక్క వేరు

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. అయితే అన్నిటినీ ఒకే శ్రద్ధతో వినదు. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతిని కొలిచి చూపించారు. వాళ్ల తర్వాత ఆ కొలతలు ఇంకా మెరుగుపడ్డాయి. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వెయ్యి హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్‌లో వినిపించే శబ్దంతో సమానంగా 50 హెర్ట్జ్ శబ్దం వినిపించాలంటే దాన్ని దాదాపు 78 డెసిబెల్స్‌కు పెంచాలి. చిన్నగా పెట్టుకుని వింటే బేస్ మాయమవుతుంది. వాల్యూమ్ పెంచితే తిరిగొస్తుంది. వినేవాడు మాత్రం పాట బాగుపడిందనుకుంటాడు.

పాత స్టీరియో సెట్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బటన్ ఉండేది గుర్తుందా? అది ఈ లోటు కోసం పెట్టిందే. రాత్రిపూట వాల్యూమ్ తగ్గించి వింటున్నప్పుడు అది కింది శబ్దాలను కాస్త లేపేది. పగలు గట్టిగా పెట్టినప్పుడు ఆపేయాలి. ఎవరూ ఆపేవారు కాదనుకోండి.

మా రోజుల్లో ఈ ఈక్వలైజర్ల గోల లేదు, ఉన్నది ఉన్నట్టు విన్నాం అని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో నిజం సగమే. ఎల్పీ రికార్డు మీద బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి వెడల్పయిపోయి ఒక వైపు నాలుగు పాటలు కూడా పట్టవు. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచేవారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్ దాన్ని తిరగేసేది. 1954 నుంచి అమెరికా రికార్డు కంపెనీల సంఘం పెట్టిన ఒకే కొలత అంతటా పాకింది. ఆ లెక్కన వినేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 19 డెసిబెల్స్ లేపుతారు. తాతగారి ఎల్పీ ప్లేయర్‌లో ఈక్వలైజర్ ఉండేది, దానికి మీటలు మాత్రం ఉండేవి కావు.

బేస్, ట్రెబుల్ అని మనం తిప్పే రెండు నాబ్‌లకు మూలం 1952లో పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో అచ్చువేసిన సర్క్యూట్. ఆయన దానిమీద పెద్దగా డబ్బు చేసుకోలేదు. ఇవాళ రిపేరు షాపుల్లో దొరికే 4558 ఐసీ బేస్–ట్రెబుల్ బోర్డులు చాలావరకు ఆ సర్క్యూట్‌కు వారసులే.

విన్ఆంప్ నేర్పిన చెడ్డ అలవాటు

1997లో కంప్యూటర్‌లో పాటలు వినే విన్ఆంప్ ప్లేయర్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే చిన్న ఊళ్ల నెట్ సెంటర్లలో కూడా తెరమీద పది మీటల ఈక్వలైజర్ కనిపించసాగింది. దానికి తోడు పాటను ‘మెరుగు’ చేస్తామనే ప్లగిన్లు, డీఎఫ్‌ఎక్స్‌ లాంటివి. వీటి జాబితాకు ‘డీఎస్పీ’ అని పేరుండేది. దేవిశ్రీ ప్రసాద్ కాదు, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. 2010 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.3 నుంచి ఈక్వలైజర్, బేస్ బూస్ట్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లోనే భాగమయ్యాయి. కంప్యూటర్‌లో అయితే వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్, ఈ నొక్కితే పది మీటలు తెరుచుకుంటాయి. ఫూబార్‌2000లో పద్దెనిమిది ఉంటాయి. విండోస్‌లో ఏ పాటకైనా, ఏ వీడియోకైనా పనిచేసేది కావాలంటే ఈక్వలైజర్ ఏపీఓ ఉంది, ఉచితం.

ఇన్ని మీటలు చేతికొచ్చాక మనం నేర్చుకున్న విద్య ఒక్కటే. అటు చివర రెండు, ఇటు చివర రెండు పైకి, మధ్యవి కిందికి. నవ్వు ముఖం ఆకారం. మొదటి నిమిషం అద్భుతంగా ఉంటుంది. దరువు గట్టిగా, తాళాలు మెరుపుగా. మూడో పాటకు తల నొప్పి. ఎందుకంటే పాడే గొంతు ఉండేది మధ్యలోనే. తెలుగు మాటను మాటగా నిలబెట్టే శబ్దాలన్నీ 300 నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య తిరుగుతాయి. శ, ష, స మాత్రం ఇంకా పైకి, ఎనిమిది వేల దాకా పోతాయి. మధ్యను నొక్కేస్తే వేటూరి రాసినా, సిరివెన్నెల రాసినా దరువు మాత్రమే మిగులుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. డెసిబెల్ అన్నది మామూలు కూడిక కాదు. మూడు డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. పది పెంచితే పదింతలు. పన్నెండు పెంచితే దాదాపు పదహారింతలు. ఆటోలోని 4440 బోర్డు చానెల్‌కు ఆరు వాట్ల దగ్గర ఆయాసపడుతుంది. మీట చివరిదాకా తోస్తే అది పదహారింతలు ఎక్కణ్నుంచి తెస్తుంది? తేలేక తరంగాల తలలు నరికేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. మనకు వినిపించే బరబర అదే. స్పీకర్ కోన్ పరిస్థితీ అంతే. ఒకే గట్టితనంలో 80 హెర్ట్జ్ శబ్దానికి ఎంత కదలాలో, 40 హెర్ట్జ్‌కు దానికి నాలుగింతలు కదలాలి. కొన్నాళ్లకు కాయిల్ కాలుతుంది. కాయిల్ చుట్టించుకోవడానికి మార్కాపురం పోవాలి.

డిజిటల్‌లో ఇంకో చిక్కుంది. సీడీ అయినా, ఎంపీ3 అయినా అంకెలకు ఒక పైకప్పు ఉంటుంది, దాని పేరు సున్నా డెసిబెల్. ఇప్పటి సినిమా పాటల్ని మిక్స్ చేసేటప్పుడే ఆ పైకప్పుకు తగిలేటట్టు చేసి పంపుతున్నారు. పైన జాగా లేదు. అక్కడ మీరు 60 హెర్ట్జ్‌ను ఆరు డెసిబెల్స్ లేపితే ప్రతి దెబ్బకూ పాట పైకప్పును గుద్దుకుంటుంది. కాబట్టి ఈక్వలైజర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మీట, ఎవరూ ముట్టుకోనిది, ఎడమ పక్కన విడిగా ఉండే ప్రీఆంప్. ఏ మీటనైనా ఎంత పెంచుతారో, ప్రీఆంప్‌ను అంత తగ్గించాలి. ఆరు పెంచితే ఆరు కిందికి. పాట మొత్తం చిన్నగా వినిపిస్తుంది. అప్పుడు వాల్యూమ్ పెంచుకోండి, బరబర ఉండదు.

లేని బేస్ వినిపించే విద్య

ఫోన్ అడుగున ఉండే స్పీకర్ చిటికెన వేలి గోరంత. అది 50 హెర్ట్జ్ పలకదు, ఎంత మీట తోసినా పలకదు. మరి కొన్ని ఫోన్లలో బేస్ ఉన్నట్టు ఎలా అనిపిస్తుంది?

నాన్న మార్కాపురం నుంచి ఫోన్ చేశారనుకోండి. మగవాళ్ల గొంతు మూలశబ్దం వంద హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. పాత టెలిఫోన్ లైను మోసుకొచ్చేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. అంటే ఆయన గొంతులోని మూలం మనదాకా రానే రాదు. అయినా నాన్న గొంతు నాన్న గొంతులానే, బరువుగానే వినిపించేది. 300, 400, 500 హెర్ట్జ్‌లలో వచ్చే దాని గుణిజాలను విని, అడుగున 100 ఉండి తీరాలని మెదడు తనంతట తానే పూరించుకుంటుంది. ఈ కిటుకును పట్టుకుని ఇజ్రాయెల్‌కు చెందిన వేవ్స్ కంపెనీ మ్యాక్స్‌బేస్ అనే ప్లగిన్ చేసింది. అది బేస్‌ను పెంచదు. బేస్ తాలూకు గుణిజాలను పుట్టించి, మిగతాది మన మెదడుకు వదిలేస్తుంది. చిన్న స్పీకర్లకు ఇదే సరైన మందు. మామూలు బేస్ బూస్ట్ పలకలేని స్పీకర్‌ను కొట్టి పలకమంటుంది. ఇది మాత్రం వినేవాడి బుర్రతో పనిచేయిస్తుంది.

ఇయర్‌ఫోన్లకు అన్నిటికంటే చవకైన బేస్ ప్లగిన్ డబ్బాలోనే వస్తుంది. మూడు సైజుల రబ్బరు బుడిపెలు. చాలామంది మధ్య సైజు తగిలించుకుని మిగతా రెండూ పారేస్తారు. చెవి రంధ్రానికీ బుడిపెకీ మధ్య వెంట్రుకవాసి సందున్నా కింది శబ్దాలన్నీ అందులోంచి జారిపోతాయి. రెండు చెవులకూ రెండు సైజులు కావలసిరావచ్చు, తప్పేం లేదు. పాట పెట్టి బుడిపెను మెల్లగా వేలితో అదిమి చూడండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే మీకు కావలసింది ఈక్వలైజర్ కాదు, పెద్ద బుడిపె. ఆటోలో, రైల్లో ఇది ఇంకా అక్కరకొస్తుంది. బయటి రొదను లోపలికి రానివ్వకపోతే దాంతో పోటీపడి వాల్యూమ్ పెంచే పని ఉండదు.

పాతపాటకు బేస్ బూస్టరా?

మన ఊళ్లలో ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే ఘంటసాల భగవద్గీత పెడతారు. ఆ గంభీరమైన గొంతు ఈ మధ్య బ్లూటూత్ పార్టీ స్పీకర్‌లోంచి వస్తోంది. రంగురంగుల లైట్లు ఆపినా బేస్ బటన్ ఆపడం ఎవరికీ తట్టదు. శ్లోకం కుండలో నోరుపెట్టి చదివినట్టు వినిపిస్తుంది. తాత్పర్యంలో సగం మాటలు పక్కగదికి అర్థం కావు. తప్పు స్పీకర్‌ది కాదు. ఆనాటి టేపుల్లో 60 హెర్ట్జ్ కింద సంగీతం పెద్దగా ఉండదు. ఉండేదల్లా టేపు యంత్రం కదలిక, కరెంటు గుయ్యిమనే రొద. మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి పాతపాట మీద కింది మీట పైకి తోస్తే ఘంటసాల గొంతు పెరగదు, ఆనాటి ట్రాన్స్‌ఫార్మర్ గొంతు పెరుగుతుంది.

పాతపాటలకు నేను చేసేది ఇంతే. 31, 62 హెర్ట్జ్ మీటలు పూర్తిగా కిందికి. 250 దగ్గర రెండో మూడో తగ్గిస్తే గొంతు చుట్టూ ఉన్న ముసురు విడిపోతుంది. మూడు, నాలుగు వేల దగ్గర రెండు డెసిబెల్స్ ఎత్తితే అక్షరాలు బయటికొస్తాయి. ఎనిమిది వేల పైన బుస వినిపిస్తే కొంచెం దించాలి. అంతకుమించి ఏం చేసినా పాడుచేయడమే. ఇంట్లో అమ్మమ్మ ‘మాట సరిగా వినపడట్లేదురా’ అంటే వాల్యూమ్ పెంచకండి. వయసుతో ముందు తగ్గేది పై శబ్దాల వినికిడి. ఆ మూడు వేల మీటే ఇంకో రెండు ఎత్తండి.

ఇళయరాజా పాటలది వేరే సంగతి. ఆయన పాటల్లో బేస్ గిటార్ పక్కన నిలబడి తలూపదు, తనూ ఓ రాగం పాడుకుంటూ నడుస్తుంది. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలు పెట్టుకుని వినండి. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలైనా, అది ఏ స్వరం పలుకుతోందో మనకు చెప్పేది దాని పైనున్న 80 నుంచి 250 దాకా. అక్కడ ముద్దచేసి లేపితే స్వరాలన్నీ ఒకే స్వరంగా కలిసిపోతాయి. ఇక్కడ నా సలహా తిరకాసుగా ఉంటుంది. బేస్ గిటార్ బాగా వినాలంటే బేస్‌ను కాదు, 700–800 ప్రాంతాన్ని ఒకటిన్నర డెసిబెల్ ఎత్తండి. తీగ మీద వేలు పడిన చప్పుడు అక్కడ ఉంటుంది. అది తెలిస్తే మిగతాది చెవి వెంటాడుతుంది.

కొత్త పాటలకు, ముఖ్యంగా మాస్ బీట్లకు, ఏమీ చేయకపోవడమే మేలు. మిక్స్ చేసినవాళ్లే కావలసినంత బేస్ పోశారు. మార్కెట్లో చవక ఇయర్‌ఫోన్లలో చాలావాటికి కంపెనీలే మరికొంత పోస్తున్నాయి. దానిమీద మన బూస్టర్ మూడోది. హెడ్‌ఫోన్ అసలు గుణం తెలుసుకుని దిద్దాలనుకునేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ ఉంది. అందులో మీ మోడల్ పేరు ఎంచుకుంటే, కొలతల ప్రకారం ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో అదే చేస్తుంది. గమనిస్తే అది దించేవే ఎక్కువ.

ఇంట్లో సబ్ ఊఫర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. 50 హెర్ట్జ్ తరంగం పొడవు ఏడు మీటర్లు. పన్నెండడుగుల గదిలో గోడకూ గోడకూ మధ్య 47 హెర్ట్జ్ చిక్కుకుని ఊగుతుంది. మంచం మీద కూర్చుంటే హోరు, గది మధ్యలో నిలబడితే ఏమీ ఉండదు. దాన్ని ఏ ప్లగినూ పూర్తిగా బాగుచేయలేదు. పెట్టెను మూలనుంచి రెండడుగులు ఇవతలికి జరపండి, అది ఉచితం.

మీటర్‌కు చిక్కని దరువు

ఈ బేస్ పిచ్చి ఇంట్లో ఉన్నంతవరకు ఎవరి చెవి వారిష్టం. పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో, త్రిపురాంతకం లాంటి చోట్ల శివరాత్రి తిరునాళ్ల రద్దీలో ట్రాక్టర్ ట్రాలీ మీద ఊఫర్లు గోడకట్టి వచ్చినప్పుడు అది ఊరి సమస్య. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

ఇందులో ఒక మెలిక ఉంది. చట్టం చెప్పే డెసిబెల్ ‘ఏ’ తూకపు డెసిబెల్. అది చెవి మెల్లని శబ్దాలను వినే తీరును అనుసరించి కింది శబ్దాలకు తక్కువ మార్కులు వేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నా, తొట్టిలో పసిబిడ్డ ఉలిక్కిపడుతున్నా మీటర్‌లో అంకె అంత భయంకరంగా కనిపించదు. పైగా గోడలు ఆపలేనిది ఈ కింది శబ్దాన్నే. మాట గోడ దగ్గర ఆగిపోతుంది, దరువు నాలుగిళ్లు దాటుతుంది. నా ఉద్దేశంలో డీజేల విషయంలో ఈ కొలత చాలదు, బేస్‌ను విడిగా లెక్కగట్టే పద్ధతి ఒకటి రావాలి.

ఇక చెవుల ఆరోగ్యం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్‌ను వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 90కి చేరితే వారం మొత్తానికి నాలుగు గంటలే. దొనకొండ నుంచి బెంగళూరు దాకా ఇయర్‌ఫోన్ తీయకుండా పోయే కుర్రాడికి ఆ నాలుగు గంటలు నంద్యాల దాటిన కాసేపటికి అయిపోతాయి.

చివరగా, డబ్బులు పెట్టి ప్లగిన్ కొనబోయేవారికి. ‘ఆన్’ నొక్కగానే పాట జీవం పోసుకున్నట్టుంటే నమ్మకండి. వాటిలో చాలావరకు ముందు చేసేది పాటను రెండు మూడు డెసిబెల్స్ గట్టిగా చేయడం. గట్టిగా ఉన్నదే మంచిదని చెవి ఎప్పుడూ తీర్పిస్తుంది. కాబట్టి ఆన్‌లో ఉన్నప్పుడు వాల్యూమ్ అంతమేర తగ్గించి, రెండూ ఒకే గట్టితనంలో ఉండేలా చేసుకుని, మీకు కంఠతా వచ్చిన పాటతో పోల్చండి. మీట మీద వేలు ఇంకొకరిది ఉండాలి, మీరు కళ్లు మూసుకోవాలి. ఏది ఆన్, ఏది ఆఫ్ అన్నది చెప్పలేకపోతే ఆ ప్లగిన్‌కు రూపాయి కూడా కట్టొద్దు.